బొట్టు లేని కార్డు

మోహనకృష్ణ చచ్చిపోయేటప్పటికి అతని చేతిలో టీ గ్లాసు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

విజయనగరం, మూడు లాంతర్ల జంక్షన్. శుక్రవారం ఉదయం. ఆటోలవాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ పోతున్నారు. కాలేజీ బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. ఆ గోలలో ఒక మనిషి ప్రాణం పోయిన సంగతి ఎవరికి పట్టింది? టీకొట్టు బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు మోహనకృష్ణ. కళ్ళు సగం మూతపడ్డాయి. ఎవరైనా చూస్తే నైట్ డ్యూటీ చేసొచ్చి కునుకు తీస్తున్నాడనుకుంటారు.

ఏజెంట్ ఉదయభాస్కర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. రోడ్డు వైపు చూస్తూ కోడ్ మాట అన్నాడు.

"పలాస బస్సు వెళ్ళిపోయిందా?"

"ఇంకోటి వస్తాది" అనాలి అవతలివాడు. అనలేదు.

ఉదయభాస్కర్ తల తిప్పాడు. కాలరు పక్కన, మెడ మీద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. సూది. ఒకప్పుడు ఆ విషపు సూదుల మీద ట్రైనింగులో వాళ్ళిద్దరికీ ఒక పూటంతా క్లాసు చెప్పారు. ఆ క్లాసులో మోహన్ నిద్రపోయాడు.

హంతకుడు ఎదురుగా పోతున్న స్కూటర్లలో దేని మీదైనా ఉండొచ్చు, ఇక్కడే ఎక్కడో నిలబడి చూస్తూనైనా ఉండొచ్చు. ఇప్పుడు తను ఉలిక్కిపడి లేస్తే, నేనూ మోహన్ మనిషినే అని చాటింపు వేసినట్టే. అంచేత స్నేహితుడి వేళ్ళలోంచి గ్లాసు మెల్లగా తీసుకుని, ఆ టీ తాగాడు. చక్కెర ఎక్కువయిందనిపించింది. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. రాలేదు. గుండె దడ కూడా లేదు. పంటికి మత్తిచ్చినప్పుడు దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు.

"మావాడు పడుకున్నాడు, లేపకమ్మా. బండి తెస్తాను" అన్నాడు టీకొట్టు దాలమ్మతో.

"పడుకోనీ బాబూ, పాపం. మొకం సూస్తే ఏటో బాగా అలిసిపోయినట్టున్నాడు" అందామె.

ఆ తెల్లారే మోహన్ ఫోన్ చేశాడు. అతను ప్రభుత్వ గూఢచారి ఏజెన్సీ టెక్నికల్ వింగ్‌లో ఇంజనీరు. నరసన్నపేట దగ్గర డేటా సెంటర్లో ఏజెన్సీ రహస్యంగా వాడుకుంటున్న మెషిన్‌కి అతనే కాపలా. "ఒరే, ఆ కార్డుల్లో ఒకటి నిజమే చెబుతోందిరా. కాకపోతే ఆలోచించి చెబుతోంది. ఏదన్నది ఫోన్లో వద్దు, నేరుగా చెప్తాను" అన్నాడు. నేరుగా చెప్పడానికి ఇప్పుడు మనిషి లేడు.

* * *

కోట వెనక సందులో కూర్మనాథం మాస్టారి వీణ క్లాసు. వీధిలో అందరికీ ఆయన రిటైరైన సంగీతం మాస్టారు. ఢిల్లీలో ఇద్దరు ముగ్గురికి మాత్రం ఆయన ఈ తీరం మొత్తానికి చీఫ్. ముందు గదిలో ఆడపిల్లలు సరళీ స్వరాలు వాయిస్తుంటే వెనక గదిలో బ్రీఫింగులు జరుగుతాయి. ఆ వాయింపులో ఏ మైక్ పెట్టినా దానికి సరిగమలే దొరుకుతాయి.

"మోహన్ పోయాడు మాస్టారూ."

ఆయన ఒళ్ళో వీణ తీగలు బిగిస్తున్నారు. బిగించడం ఆపలేదు. "ఎక్కడ?"

"మూడు లాంతర్ల దగ్గర. మనవాళ్ళు అంబులెన్స్‌లో తీసుకొస్తున్నారు."

"గౌతమికి తెలీదు."

"తెలిసే దారి లేదు."

"సాయంత్రం దాకా తెలీకూడదు."

గౌతమి మోహనకృష్ణ భార్య. ఆమె కూడా ఏజెంటే. మెరిడియన్ అనే విదేశీ గూఢచారి ముఠా చేపల సర్వే పేరుతో మన తీరం పొడుగునా ఒక ఓడ తిప్పుతోంది. ఆ ఓడలో గౌతమి దుబాసీ వేషంలో ఆరు నెలలుగా ఉంది. మొన్న ఓడ నుంచి మామూలు వాతావరణం కబురు ఒకటి వచ్చింది. ఆ కబురు వెనక ఇంజన్ రొద. ఆ రొద అడుగున, మనిషి చెవికి అందనంత సన్నగా, గౌతమి గొంతు. తను ఓడ నుంచి ఎక్కడ దూకుతుందో చెప్పింది. ఆ ఒక్క ముక్క బయటికి తియ్యాలి.

"టెక్నికల్‌గా చెప్పండి. మెల్లగా చెప్పండి" అన్నాడు ఉదయభాస్కర్. "ఇవాళ బుర్ర పని చెయ్యడం లేదు."

కూర్మనాథం వీణ పక్కన పెట్టారు.

"మెషిన్లో ప్రాసెసర్ ఉంటుంది. దాని లోపల ఎన్‌క్లేవ్. తాళం వేసిన గది అనుకో. డేటా సెంటర్ ఓనరు కూడా అందులోకి తొంగి చూడలేడు. గౌతమి రికార్డింగ్ ఆ గదిలో ఉంది. అక్కడున్నంతసేపూ భయం లేదు."

"గది దాటితే?"

"అదే తంటా. రొదలోంచి గొంతు వేరు చెయ్యడం ప్రాసెసర్ వల్ల కాదు. యాక్సిలరేటర్ కార్డులు కావాలి. అవి గది బయట ఉన్నాయి. డేటా గుమ్మం దాటి వాటి దగ్గరికి వెళ్ళాలి. అందుకని ముందు గది ప్రతి కార్డునీ అడుగుతుంది, నువ్వెవరు, రుజువేదీ అని. కార్డు ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే దాని కడుపులో ఒక రహస్య కీ పెడతారు. ఆ కీతో సంతకం చేసి చూపిస్తుంది. అటెస్టేషన్ అంటారు. సంతకం సరిపోతే గది తాళంచెవి ఇచ్చేస్తుంది. ఇక ఆ కార్డుకి అంతా వినబడుతుంది."

"ఒక కార్డు ఆలోచించి చెబుతోందన్నాడు మోహన్. అదేమిటి?"

"సంతకం అసలుదే. కానీ లేటుగా వస్తోంది. అంటే సంతకం పెట్టే కార్డు పెట్టెలో లేదు. పెట్టెలో ఉన్నది దొంగది. ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ దొంగ కార్డు దాన్ని వైర్‌లెస్ మీద బయట ఎక్కడో ఉన్న అసలు కార్డుకి పంపి, జవాబు తెప్పించి చూపిస్తోంది. ఆ రాకపోకలకే ఆలస్యం. తాళంచెవి మాత్రం దొంగ చేతికి వస్తుంది."

"ఎప్పుడు నడుస్తుంది ప్రోగ్రాం?"

"ఇవాళ మూడింటికి. దానంతటదే మొదలవుతుంది."

"ఆపేస్తే?"

"గౌతమి దూకేది ఇవాళ సాయంత్రం, అది ముందే అనుకున్నదే. ఎక్కడో మనకి తెలీకపోతే సముద్రంలో ఎంతసేపు ఈదుతుంది? పైగా అటెస్టేషన్ ఒక్కసారి తప్పిందంటే ఎన్‌క్లేవ్ రేపటిదాకా బిగుసుకుపోతుంది. ఆ లాక్ తీసే అధికారం ఒక్కడిదే."

"మోహన్‌ది."

"ఊఁ. ఆపకపోతే మెరిడియన్ మనకన్నా ముందు వింటుంది. ఆమె దూకేదాకా వాళ్ళు ఆగరు, వాళ్ళే తోసేస్తారు. కాళ్ళకి ఇనుం కట్టి."

"అంటే మూడింటిలోపు అసలు కార్డు పెట్టెలో ఉండాలి."

"గుట్టుగా. అలారం మోగినా, పోలీసులు వచ్చినా ఆ కబురు ఓడకి చేరుతుంది. లోపల మన విశాలి ఉంది కదా, సాయం చేస్తుంది."

విశాలి డబుల్ ఏజెంట్. డేటా సెంటర్లో సెక్యూరిటీ ఆడిటర్. మెరిడియన్ ఆమెని తమ మనిషనుకుంటోంది. ఏజెన్సీ ఆమెని తన మనిషనుకుంటోంది.

"మోహన్ ఈ ఆలస్యం సంగతి ఎవరెవరికి చెప్పాడు మాస్టారూ?"

"నాకు. నీకు." ఆయన చెయ్యి వీణ తీగల మీదికి వెళ్ళింది. "విశాలికి."

ముందు గదిలో ఒక పిల్ల తప్పు వాయించింది. ఎప్పుడూ కేకేసి దిద్దే మాస్టారు ఈసారి దిద్దలేదు.

"నీకేమనిపిస్తోంది?" అని అడిగారు.

"ఏమీ అనిపించడం లేదు. పొద్దున్నుంచీ నాకేదీ అనిపించడం లేదు. వేషం ఏమిటో చెప్పండి."

కూర్మనాథం బీరువాలోంచి పట్టుపంచె, ఉత్తరీయం, నామాల పెట్టె, ఒక కళ్ళజోడు, పూజసామానుతో ఇత్తడి పళ్ళెం తీశారు. "ఆ డేటా సెంటర్లో శుక్రవారం శుక్రవారం మెషిన్లకి పూజ చేస్తారు. అసలు పంతులుగారికి నేను రాజాంలో ఒక వ్రతం తగిలించాను. మీది తాతల నాటినుంచీ దేవాలయంలో సేవ చేసిన కుటుంబం. మంత్రాలు గుర్తున్నాయా?"

"మా నాన్న మర్చిపోనిస్తేగా."

"ఈ గంట ఉందే, నాలుక తిప్పితే ఏ కారు తాళమైనా తీస్తుంది. ఉద్ధరిణి కాడ లోపల బోలు. బొటనవేలితో నొక్కితే మత్తుమందు ఒక్క చుక్క తీర్థంలో పడుతుంది. ఎవరికి పొయ్యాలో చూసి పొయ్యి, వరసనపెట్టి అందరినీ పడుకోబెట్టకు."

ఇంకో రోజయితే నవ్వేవాడే.

* * *

నరసన్నపేట దాటాక హైవే పక్కన, పచ్చటి వరిచేల మధ్య, కిటికీల్లేని తెల్లటి భవనం. ఆటో దిగేటప్పటికి ఎండ మాడు పగలగొడుతోంది. గేటు దగ్గర గార్డు నూకయ్య ఎగాదిగా చూశాడు.

"పాత పంతులుగారు రానేదేటి?"

"రాజాంలో వ్రతం ఉందని వెళ్ళారు."

"అదీ సంగతి. వ్రతం బోజనం ఒగ్గీసి ఇక్కడికెందుకొస్తారులెండి. రండి రండి."

పార్కింగులో వేపచెట్టు నీడ ఖాళీగా ఉంది. ఆ నీడ వదిలేసి, సరిగ్గా భవనం గోడకి ఆనించి, మండుటెండలో ఒక తెల్ల ఎలక్ట్రిక్ కారు ఆపి ఉంది. అద్దాలు నల్లగా ఉన్నాయి, అన్నీ బిగించి ఉన్నాయి. కారు కింద నీళ్ళ మడుగు. చుక్క చుక్క పడుతూనే ఉంది. అంటే లోపల ఏసీ నడుస్తోంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు ఉదయభాస్కర్, దారిలో అడ్డొచ్చిన మడుగు చూసి పంచె ఎత్తి పట్టుకుంటూ.

"ఎవులూ నేరు. విశాలి మేడం బండండి. పెద్దోళ్ళు, సాయంత్రం ఎక్కీటప్పటికి సల్లగా ఉండాలి గావాల."

ఒక యాక్సిలరేటర్ కార్డు బతకాలంటే రెండు కావాలి. బోలెడు కరెంటు, ఆగని చల్లదనం. ఎలక్ట్రిక్ కారులో రెండూ ఉన్నాయి. గోడకి అంత దగ్గరగా ఉంటే వైర్‌లెస్ కూడా అందుతుంది. స్నేహితుడి చావు వెనక ఉన్న మనిషెవరో ఉదయభాస్కర్‌కి ఆ మడుగు దగ్గరే తెలిసిపోయింది. కోపం రావాలి కదా అనుకున్నాడు. పంచె దించుకుని ముందుకు నడిచాడు.

సర్వర్ హాలు మంచుపెట్టెలా ఉంది. వేల ఫ్యాన్లు ఒకటే హోరు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి జగన్నాధం ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద జెర్కిన్, మెడలో ఐడీ కార్డు, చేతిలో పసుపు గిన్నె.

"రండి పంతులుగారూ, లేటయిపోనాది. ఒక్కమాట. కర్పూరం ఎలిగించకండి, పొగొస్తే నిప్పంటుకుందనుకుని మెషిను గ్యాసు ఒదిలేస్తాది. బేటరీ హారతున్నాది, అదే ఇవ్వండి. తీర్తం మట్టుకు ఇక్కడే ఇయ్యాల, అది మానీమంటే మావోళ్ళు ఒప్పుకోరు. ఒక్క సుక్క కింద పడకూడదు."

"అలాగే. బొట్లు ఎక్కడ పెట్టాలి?"

"మూత తీస్తాను, లోపల కార్డు కార్డుకీ ఎట్టండి. పైరేకు మీద బొట్టెడితే లోపలోటికి ఏటి తెలుస్తాది సెప్పండి? ఈ కొత్త పెట్టె పోయిన శుక్రవారమే వచ్చినాది, నేను దగ్గరుండి ఎనిమిదింటికీ ఎట్టించాను."

"మూత తీస్తే అలారం కొడుతుందంటారే?"

"కొడతాది. అందుకే పూజయినంతసేపూ ఆపీస్తాం. విశాలి మేడమే పర్మిషనిచ్చారు. దేముడి పనికి అడ్డెందుకండీ అన్నారు. బంగారంలాంటి మనిసి."

దేశంలో పేరున్న ఇంజనీర్లు ఏడాది కూర్చుని ఆ పెట్టెకి కాపలా కట్టారు. ఆ కాపలాని శుక్రవారం శుక్రవారం పసుపు గిన్నె పట్టుకుని ఆపేస్తున్నారు. కార్డు మారింది అలాంటి పూజలోనే. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. భక్తితోనే చేశారు.

జగన్నాధం స్క్రూలు తీసి మూత ఎత్తాడు. ఉదయభాస్కర్ మంత్రం చదువుతూ లోపలికి వంగాడు. ఎనిమిది కార్డులు, డ్రాయర్లలా వరసగా. ఏడింటి నుదుటి మీద కుంకుమ, వేడికి ఎండి నల్లబడింది. చివరిదాని నుదురు బోసిగా ఉంది.

"ఓలమ్మా! దీనికి బొట్టేదండి?" జగన్నాధం అదిరిపడ్డాడు. "నేనే ఎట్టించాను కదేటి!"

"వేడికి రాలిపోయుంటుంది. నేను పెడతాగా" అన్నాడు ఉదయభాస్కర్ తొందరగా. "అయ్యో, కొబ్బరికాయ బయట మర్చిపోయాను. ఒక్క నిమిషం."

పళ్ళెం పట్టుకుని పార్కింగులోకి వచ్చాడు. నూకయ్య గేటు దగ్గర ఎవరో లారీవాడితో తగువులో ఉన్నాడు. గంట నాలుక తిప్పాడు. కారు తలుపు క్లిక్‌మంది. వెనక సీటు కింద ఇనప డబ్బా, దాని మీదికి ఏసీ గాలి గొట్టం. డబ్బా తెరిచాడు. లోపల కార్డు, కార్డు నుదుటి మీద ఎండి నల్లబడిన కుంకుమ బొట్టు.

వైర్లు పీకాడు. ఆ క్షణం నుంచీ పెట్టెలోని దొంగ కార్డుకి నోరు పడిపోయింది. మూడు కొట్టేలోపు ఇది అక్కడికి చేరకపోతే గౌతమి సంగతి అంతే. కార్డుని పళ్ళెంలో పెట్టి, మీద తమలపాకులు, అరటిపళ్ళు, పూలు పేర్చి, ఉత్తరీయం కప్పి లోపలికి నడిచాడు. పరిగెత్తే పంతులుని ఎవరైనా ఆపుతారు, నడిచే పంతులుకి దారిస్తారు.

పెట్టె ముందు విశాలి నిలబడి ఉంది.

నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుంది, జడలో మల్లెపూలు. ఆ చల్లటి హాల్లో అందరూ జెర్కిన్లు తొడుక్కుంటే ఆమె ఒక్కతే పెళ్ళికి వచ్చినట్టుంది. చేతి వాచీ మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. కారులో కార్డు ఊడిందని ఆమెకి అప్పటికే తెలుసు. పంతులు ముఖం చూసింది. నామాలు దాటి, కళ్ళజోడు దాటి, మనిషిని గుర్తుపట్టింది. ముఖంలో ఏమీ కదలలేదు. ఆ విద్య ఇద్దరికీ ఒకే చోట నేర్పారు.

"పంతులుగారూ, ఒక్కసారి పక్కకి రండి. సెక్యూరిటీ చెక్. ఆ పళ్ళెం ఇలా ఇవ్వండి."

వెనక సిబ్బంది అంతా వరసలో నిలబడ్డారు. జగన్నాధానికి ఒళ్ళు మండింది.

"ఇదేటి మేడం, పూజ మద్దిలోనా? పళ్ళెం ముట్టుకుంటారేటి? ముందు తీర్తం తీసుకోండి, తరవాత ఎన్ని సెక్కులైనా సేసుకోండి. పంతులుగారూ, మేడంగారికి ముందివ్వండి."

ఉదయభాస్కర్ ఉద్ధరిణితో నీళ్ళు తీశాడు. బొటనవేలు కాడ మీద నొక్కాడు. చెయ్యి చాచాడు.

విశాలికి ఆరు రకాల పిస్తోళ్ళు వచ్చు, నాలుగు భాషల్లో అబద్ధం వచ్చు. మనిషి చేతి కదలికని బట్టి ఏ జేబులో కత్తి ఉందో చెప్పగలదు. కానీ విజయనగరంలో పుట్టి పెరిగింది. ఉద్ధరిణి ఎదురుగా రాగానే కుడిచెయ్యి దానంతటదే దొప్పలా ముడుచుకుని ముందుకొచ్చింది, ఎడంచెయ్యి కొంగు పట్టుకుని దాని కిందికి చేరింది. పుచ్చుకుంది. తడి చెయ్యి తలకి రాసుకుంది. రాసుకున్నాక ఆగింది.

చెయ్యి తలమీదే ఉండిపోయింది. ఉదయభాస్కర్ కళ్ళలోకి చూసింది.

"ఎంతసేపు?" పెదవులు కదిలీ కదలనట్టు అడిగింది.

"మంత్రం పూర్తయ్యేదాకా. చావవులే. కూర్చో."

జగన్నాధం స్టూలు ముందుకి తోశాడు. కూర్చుంది. పెట్టె వైపు వంగినట్టు నటిస్తూ ఉదయభాస్కర్ గొంతు తగ్గించాడు. ఫ్యాన్ల హోరులో పక్కవాళ్ళకి వినబడే అవకాశం లేదు.

"మోహన్‌ని నువ్వేనా?"

"చేసింది నేను కాదు. చెప్పింది నేనే."

"ఎందుకు?"

"మీవాళ్ళు నెలనెలా నన్ను రుజువడిగారు ఉదయ్. లై డిటెక్టరు, ఫోను తనిఖీ, అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ. విసిగిపోయాను. మెరిడియన్ వాళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు."

"నమ్మి కాదు. నువ్వు పోయినా వాళ్ళకి నష్టం లేదు గనక."

ఆమె ఏదో అనబోయింది. తల ఒక పక్కకి వాలింది. మోహన్ మెడ కూడా పొద్దున్న అటే వాలి ఉంది. తిట్టాలనో, కొట్టాలనో ఉండాలి. ఉదయభాస్కర్ ఆమె కొంగు సర్ది, తలని గోడకి ఆనించాడు.

"మేడంకి కళ్ళు తిరిగాయి" అన్నాడు పైకి.

"శుక్రవారం ఉపాసం కదేటండీ, మరి ఏటీ తినరు" అన్నాడు జగన్నాధం జాలిగా. "ఒలే తవిటమ్మా, మజ్జిగ తే!"

గోడ మీద గడియారం మూడుకి రెండు నిమిషాలు చూపిస్తోంది. ఉదయభాస్కర్ బోసి నుదురు కార్డుని డ్రాయరు లాగినట్టు బయటికి లాగేశాడు. పళ్ళెంలో పూలు పక్కకి తోసి అసలుదాన్ని తీశాడు. జగన్నాధం నోరు తెరిచాడు.

"అదేటి పంతులుగారూ! కార్డు మార్సీస్తన్నారేటి? ఎవులు మీరు?"

కేకేస్తే చాలు. గార్డులు, పోలీసులు, తర్వాత ఓడకి కబురు. అబద్ధం అల్లే టైము లేదు. కార్డుని అతని కళ్ళముందుకి ఎత్తి పట్టుకున్నాడు.

"దీన్ని చూడండి జగన్నాధంగారూ. గుర్తుపడతారా?"

జగన్నాధం కుంకుమ వైపు చూశాడు. దగ్గరికి వంగి చూశాడు. "ఇది నేనెట్టించిన బొట్టే! మూల మీద పసుపు ఒలికిపోతే తుడిసినాను, అదిగో మరక. మరి ఇది బయటికెలాగెల్లిపోనాది?"

"దొంగతనంగా. తెచ్చి ఇస్తున్నాను. మూడింటిలోపు లోపల ఉండాలి, లేకపోతే ఒక ఆడమనిషి ప్రాణం పోతుంది. నమ్ముతారా?"

జగన్నాధం పంతులు మొహం వైపు చూడలేదు, బొట్టు వైపే చూశాడు. "ఎట్టీండి" అన్నాడు.

కార్డు గాడిలో పడింది. దాని ఫ్యాన్ మూలిగి, తిరగడం మొదలెట్టింది. పక్కనున్న స్క్రీన్ మీద ఎర్రక్షరాలు, మూత తెరిచి ఉన్నంతసేపూ ఎన్‌క్లేవ్ పలకదు. ఉదయభాస్కర్ మూత అందుకున్నాడు. జగన్నాధం గభాలున దాని మీద చెయ్యేశాడు.

"హారతివ్వకుండా మూసీస్తారేటి? ఇన్నాళ్ళు బయట తిరిగొచ్చినాది!"

"టైము లేదయ్యా!"

"హారతివ్వండి బాబూ. నానొప్పుకోను."

వాదిస్తే ఇంకో అరనిమిషం. ఉదయభాస్కర్ బ్యాటరీ హారతి అందుకున్నాడు. వాళ్ళ తాతలు మూడు తరాలుగా నిదానంగా, తన్మయంగా ఇచ్చిన హారతిని అతను కోడిపిల్లని తరిమినట్టు మూడు చుట్లు తిప్పేశాడు. వెనకనున్న సిబ్బంది అంతా కళ్ళకద్దుకున్నారు. జగన్నాధం మూత వేసి గట్టిగా అదిమాడు. గడియారం ముల్లు పన్నెండు మీదికి వస్తోంది.

స్క్రీన్ మీద ఎరుపు పోయింది. పసుపుపచ్చ. ఒకటో కార్డు, రుజువు సరి. రెండు. మూడు. ఏడు దాకా చకచకా వచ్చాయి. ఎనిమిదోది ఆగినట్టయింది. జగన్నాధం ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఆకుపచ్చ. అటెస్టేషన్ వెరిఫైడ్.

"అమ్మయ్య" అన్నాడు ఉదయభాస్కర్. ఆ మాట ఎవరో వెనకనుంచి అన్నట్టు వినబడింది అతనికి.

ఉపవాసం మేడంని తీసుకెళ్ళడానికి అంబులెన్స్ వచ్చింది. డ్రైవరు కూర్మనాథం మనిషే. విశాలి వేలు ఆనించి ఆమె ఫోను తెరిచి, "అవుట్‌పుట్ సాయంత్రానికి వస్తుంది, కంగారుపడొద్దు" అని మెరిడియన్‌కి ఒక మెసేజి పెట్టాడు ఉదయభాస్కర్. వాళ్ళు కంగారుపడలేదు. పాపం, రుజువడిగే అలవాటు లేనివాళ్ళు.

* * *

రొద తీసేశాక గౌతమి గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఆటోలో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు ఉదయభాస్కర్.

"కళింగపట్నం లైట్‌హౌస్‌కి ఎదురుగా. పొద్దు వాలేటప్పుడు దూకుతాను. చేపల పడవ పంపండి, నేవీ వద్దు." కాసేపు ఊపిరి చప్పుడు. "మోహన్‌ని మాత్రం ఒడ్డునే ఉంచండి. ఈత రాదు. నన్ను చూడగానే నీళ్ళలోకి దిగిపోతాడు, మళ్ళీ వాణ్ణి నేనే లాగాలి."

రెండోసారి వినలేదు.

కళింగపట్నం చేరేటప్పటికి ఎండ ఎర్రబడింది. మాస్టారు కబురంపిన జాలరి అప్పలసూరి పడవ అప్పటికే అల దాటిపోయింది. ఒడ్డున ఉదయభాస్కర్ ఒక్కడే నిలబడ్డాడు. దారంతా మాటలు తయారుచేసుకున్నాడు. 'గౌతమీ, ఒక చెడ్డ వార్త.' బాలేదు. 'గౌతమీ, ధైర్యంగా ఉండాలి.' ఇంకా బాలేదు. చివరికి, 'మోహన్ డ్యూటీలో ఉన్నాడు, విజయనగరం వెళ్ళాక మాట్లాడదాం' అని ఖాయం చేసుకున్నాడు. గడ్డం నిమురుకుని, నవ్వు ఒకటి పెట్టుకుని చూసుకున్నాడు. నిలబడింది. పొద్దున్నుంచీ ఒంట్లో ఏ కదలికా లేదు గనక అబద్ధం చెప్పడం కష్టం కాదనుకున్నాడు.

పడవ తిరిగొచ్చింది. అప్పలసూరి తెడ్డు పైకెత్తి అరిచాడు. "దొరికీసినాదండీ! ఏటి ఈత బాబూ, సేపపిల్లే!"

మోకాలి లోతు నీళ్ళలోకి గౌతమి దూకింది. జుట్టంతా ముఖానికి అతుక్కుపోయింది. ఒంటి మీద అప్పలసూరి దుప్పటి. నవ్వుతోంది. ఆరు నెలలు దొంగల మధ్య బతికి బయటపడ్డ మనిషి నవ్వు. "అన్నయ్యా! పంచె ఏమిటి, ఈ నామాలేమిటి?" అంటూ ముందుకొచ్చింది. అతని కుడిపక్కకి చూసింది. ఎడంపక్కకి చూసింది. సరుగుడు తోట దాకా చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.

ఉదయభాస్కర్ నోరు తెరిచాడు. ఖాయం చేసుకున్న మాట అక్కడే ఉంది. పెట్టుకున్న నవ్వూ అలాగే ఉంది.

గౌతమి నవ్వు మెల్లగా పోయింది. తడిసిన దుప్పటితోనే ఇసకలో కూలబడిపోయింది. అల వచ్చి ఆమె పాదాలు తడిపి వెళ్ళింది. అప్పలసూరి ఇద్దరినీ చూసి, పడవ వైపు తిరిగిపోయాడు.

ఉదయభాస్కర్ ఆమె పక్కన కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. పొద్దున్న టీకొట్టు దగ్గర రావలసింది, ఇంత దూరం నడిచి వచ్చినట్టు వచ్చింది. ఎవరు ఎవరి భుజం పట్టుకున్నారో తెలీదు.

చాలాసేపటికి జేబులో ఫోను మోగింది. కూర్మనాథం మాస్టారు. వెనక వీణలు లేవు.

"అమ్మాయి క్షేమమేనా?"

"క్షేమం మాస్టారూ."

"మోహన్ సంగతి... చెప్పేశావా?"

"లేదు. డ్యూటీలో ఉన్నాడని అబద్ధం తయారుచేసుకున్నాను. నోరు విప్పనేలేదు."

"మరి?"

ఉదయభాస్కర్ ముఖం మీది నామాలు తడిచేత్తో తుడుచుకున్నాడు.

"నా మొహం చూసింది మాస్టారూ. ఇంకే రుజువూ అడగలేదు."